"అది మామూలే కదా, రాయాలేటి?" - రిక్వైర్‌మెంట్ల దగ్గర ఇరుక్కుపోయాం, దారి చెప్పండి

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి. పోస్టు కాస్త పెద్దది, ఓపిక పట్టండి.

నేనూ నా స్నేహితుడూ కలిసి పర్లాకిమిడిలో సాఫ్ట్‌వేర్ పని చేసుకుంటున్నాం. ఇద్దరమే. కోడు రాసేదీ మేమే, ఫోనెత్తేదీ మేమే. బరంపురంలో ఒక పట్టుబట్టల కొట్టుకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసిపెట్టే పని దొరికింది. కొట్టు పేరు చెప్పను, షావుకారు గారు మంచాయనే. మొత్తం 90,000కి మాట అనుకున్నాం. అడ్వాన్సు 30,000 చేతిలో పడింది. రెండు నెలలన్నాం. ఇప్పుడు ఐదో నెల నడుస్తోంది.

మొదట్లో రిక్వైర్‌మెంట్లు, అంటే సాఫ్ట్‌వేర్ ఏమేం చేయాలన్నది, ఒక పేజీ రాసుకున్నాం. అందులో ఉన్నదింతే: బిల్లింగ్, స్టాక్, అప్పుల ఖాతా, నెలవారీ రిపోర్టులు, బిల్లు మూడు భాషల్లో రావాలి, వేగంగా ఉండాలి. షావుకారు గారు చూసి "బాగుంది బాబూ" అన్నారు. మేం కోడ్‌లో పడిపోయాం.

డెమో రోజున ఆయన కళ్ళజోడు పెట్టుకుని స్క్రీన్ అంతా ఒకసారి కలియజూసి, "చూపుకిచ్చినవి ఎక్కడ రాయాలి?" అని అడిగారు. నాకు అర్థం కాలేదు. పెళ్ళిళ్ళ రోజుల్లో తెలిసినవాళ్ళు పది పన్నెండు చీరలు ఇంటికి పట్టుకెళ్ళి, నచ్చినవి ఉంచుకుని మిగతావి తిరిగి తెస్తారట. "ఇది మీరు మాకు చెప్పలేదండీ" అన్నాను. ఆయన నటించడం లేదు, నిజంగానే ఆశ్చర్యపోయారు. "అది మామూలే కదా, రాయాలేటి? పట్టుబట్టల కొట్టన్నాక చూపుకివ్వకుండా ఉంటామా?"

ఆ రోజు మొదలు రోజుకొకటి. అప్పు ఖాతాలో తేదీ బదులు పండగ పేరు పడాలట, ఎందుకంటే కొందరు "దసరాకిస్తాం" అంటారే గానీ తేదీ చెప్పరు. వాళ్ళ అల్లుడు గారికి ఫోన్లో గ్రాఫులు కావాలట. అన్నీ లెక్కేస్తే 23 అయ్యాయి. ఏవి ముందే ఒప్పుకున్నవో, ఏవి కొత్తవో మాకే తెలియడం లేదు.

తప్పు ఎవరిది? ఇంకోసారి ముందే ఏం రాసుకోవాలి, ఎంత రాసుకోవాలి? ఒప్పుకున్నాక మార్పు అడిగితే మొహమాటం లేకుండా డబ్బెలా అడగాలి?


ఖాళీ టీ గ్లాసు (బరంపురం)

అడ్వాన్సు తిరిగిచ్చేసి రాత్రి బస్సెక్కెయ్ తమ్ముడూ. అల్లుడు గారు దిగాక ఏ ప్రాజెక్టూ ఒడ్డెక్కలేదు.


వంశధార (గుణుపురం)

బాబూ, నేను ఇంజినీరింగ్ పిల్లలకి ఈ సబ్జెక్టే చెప్తాను. తరగతిలో చెప్పినప్పుడు అందరూ నిద్రపోతారు. నీలాంటి అనుభవమైతే గానీ ఇది ఎవరికీ ఎక్కదు.

తప్పెవరిదన్నది పక్కన పెట్టు. నీ పేజీలో ఉన్నవి రిక్వైర్‌మెంట్లు కావు, శీర్షికలు. "స్టాక్" అన్నది రిక్వైర్‌మెంటా? అది ఒక మాట. ఆ మాట వినగానే నీ బుర్రలో ఒక బొమ్మ వచ్చింది, ఆయన బుర్రలో ఇంకోటి వచ్చింది. ఇద్దరూ తలూపారు.

సాఫ్ట్‌వేర్ కట్టడంలో అన్నిటికంటే కష్టమైన పని, సరిగ్గా ఏం కట్టాలో తేల్చుకోవడమేనని ఫ్రెడ్ బ్రూక్స్ అనే సాఫ్ట్‌వేర్ పండితుడు 1986లోనే అన్నాడు. ఇవాళ్టికీ అది అలాగే ఉంది.

రిక్వైర్‌మెంట్‌ని మూడు మెట్లుగా చూడు. పై మెట్టు మీద, యజమానికి ఇది ఎందుకు కావాలి? నాకు తోచినంతలో మీ షావుకారు గారికి కావలసింది బిల్లు కాదు, బయట ఉన్న సరుకూ బయట ఉన్న డబ్బూ ఎవరి దగ్గరున్నాయో మరిచిపోకుండా ఉండడం. రెండో మెట్టు, కౌంటర్ దగ్గర కూర్చునే మనిషి దీనితో ఏం చేయగలగాలి? మూడో మెట్టు, దానికి సాఫ్ట్‌వేర్ ఏం చేయాలి? నువ్వు తిన్నగా మూడో మెట్టు మీదికి దూకావు. పై రెండూ అడిగి ఉంటే చూపు సంగతి దానంతటదే బయటపడేది.

ఇప్పుడు నీ కాగితంలోని రెండు మాటలు తీసుకుందాం. "మూడు భాషల్లో", "వేగంగా". మూడు భాషలంటే ఒక్క బిల్లు మీదే మూడూనా, లేక కొనేవాళ్ళు కోరిన భాషలోనా? చీర పేరు కూడా ఒడియాలో రావాలా, బిల్లు పైన కొట్టు పేరుండే తలకట్టు ఒక్కటి చాలా? అంకెలు ఏ లిపిలో? ఒడియాలో పేర్లు టైపు చేసేదెవరు? ఇక బిల్లు ప్రింటర్ ఏది? చిన్న థర్మల్ ప్రింటరైతే అందులో ఇంగ్లీషు అక్షరాలుంటాయి గానీ తెలుగు, ఒడియా మామూలుగా ఉండవు. బిల్లు మొత్తాన్ని బొమ్మగా మార్చి పంపాలి. బొమ్మగా పంపితే ప్రింటు నెమ్మదిస్తుంది. అంటే నీ ఒప్పంద పత్రంలో ఐదో మాటా ఆరో మాటా ఒకదాని పీక ఒకటి పట్టుకుని కూర్చున్నాయి, మీరెవరూ చూసుకోలేదు.

"వేగంగా ఉండాలి" అని రాస్తే దాన్ని ఎవరూ పరీక్షించలేరు. "10 చీరల బిల్లుకి ప్రింట్ నొక్కిన 5 సెకన్లలో కాగితం బయటికి రావడం మొదలవ్వాలి, ఇంటర్నెట్ లేకపోయినా సరే" అని రాస్తే గడియారం పెట్టి చూడొచ్చు. పాసో ఫెయిలో చెప్పలేని వాక్యం ఏదైనా ఇంకా రిక్వైర్‌మెంట్ కాలేదన్నమాటే.

రిక్వైర్‌మెంట్లు ఎలా రాయాలో చెప్పే ప్రమాణాలు కావాలంటే, ఇంజినీర్ల సంఘం ఐఈఈఈ వాళ్ళ పాత 830కి చివరి రూపం 1998 నాటిది. దాని స్థానంలో 2011లో ఐఎస్ఓ/ఐఈసీ/ఐఈఈఈ 29148 వచ్చింది, 2018లో సవరించారు. బట్టల కొట్టుకి అంత అక్కర్లేదు. కానీ ఒక్కో వాక్యం ఎలా ఉండాలని అది చెప్పిందో ఆ ఒక్క భాగం చదువు: ఒకే అర్థం రావాలి, ఒక వాక్యంలో ఒకే సంగతి ఉండాలి, సాధ్యమయ్యేదై ఉండాలి, సరిచూడడానికి వీలుండాలి.


మహేంద్రతనయ

మేష్టారూ, థర్మల్ ప్రింటరే. ఒడియా బిల్లు రావడానికి 14 సెకన్లు పడుతోంది. అది బగ్ అనుకుని మూడు వారాలుగా కొట్టుకుంటున్నాం.


నాగావళి (రాయగడ, ఇప్పుడు హైదరాబాద్)

మేష్టారి మీద గౌరవంతోనే చెప్తున్నాను, ఈ కాగితాల గోల పాతకాలం పద్ధతి. ముందే అన్నీ రాసుకుని, సంతకాలు పెట్టించుకుని, ఆర్నెల్లు తలుపులేసుకుని కోడు రాసి, చివర్లో చూపిస్తే అన్నీ తప్పులే వస్తాయి. 2001లో అజైల్ మ్యానిఫెస్టో (కొద్దికొద్దిగా కట్టి చూపిస్తూ పోవాలనే పద్ధతికి ప్రకటన) వచ్చింది ఇందుకే. రెండు వారాలకొకసారి ఏదో ఒకటి పనిచేసేది చూపించు. యూజర్ స్టోరీలు చిన్న చీటీల మీద రాసుకో: "గుమస్తాగా నేను ఫలానాది చేయగలగాలి, ఫలానా లాభం కోసం". మార్పు రావడం తప్పు కాదు, మార్పు ఆలస్యంగా తెలియడం తప్పు. నీ మొదటి డెమో ఎన్నో నెలలో అయింది తమ్ముడూ?


మహేంద్రతనయ

మూడో నెల చివర్లో, అన్నయ్యా.


నాగావళి

అదిగో. మూడో వారంలో చూపించి ఉంటే "చూపుకిచ్చినవి ఎక్కడ?" అన్న ప్రశ్న మూడో వారంలోనే వచ్చేది.


వంశధార

ఆ మాట నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటాను. కానీ రెండు సంగతులు చెప్పనీ. నువ్వన్న పాతకాలం పద్ధతినే వాటర్‌ఫాల్ అంటారు, ఒక దశ ముగిశాకే ఇంకో దశ. అందరూ దానికి తాతగా చెప్పే విన్‌స్టన్ రాయిస్ 1970 వ్యాసంలో వాటర్‌ఫాల్ అన్న మాటే లేదు. పైగా అలా ఒక్క దారిన కిందికి పోతే ప్రమాదమనీ, మొదటిసారి కట్టింది పారేసి రెండోది ఇవ్వాల్సినట్టే లెక్కేసుకోమనీ ఆయనే రాశాడు. ఇక మ్యానిఫెస్టో చెప్పింది, బండెడు పత్రాల కంటే పనిచేసే సాఫ్ట్‌వేర్‌కి ఎక్కువ విలువ ఇస్తామని. పత్రాలే వద్దనలేదు.

అజైల్‌కి కొనేవాడు పక్కన ఉండాలి. మీ కంపెనీలో ఆ పనికి ప్రోడక్ట్ ఓనర్ అని జీతమిచ్చి ఒకర్ని పెడతారు. ఇక్కడ దసరా ముందు ఏ షావుకారైనా రెండు వారాలకోసారి గంట సేపు నీ ఎదుట కూర్చుంటాడా?


నాగావళి

కూర్చోరు. సరే, అక్కడ మీదే పైచేయి.


ఖాళీ టీ గ్లాసు

బరంపురం వెళ్ళినప్పుడు అప్పడాలు, పచ్చళ్ళు తెచ్చుకో తమ్ముడూ, ప్రాజెక్టు పోయినా అవి మిగుల్తాయి.


వేదిక నిర్వాహకుడు

అప్పడాల చర్చకి వేరే పేజీ ఉంది. ఇక్కడొద్దు.


గుమస్తా (బరంపురం)

నాకు కంప్యూటర్ భాష రాదు. మా అమ్మాయి ఈ పేజీ చూపిస్తే చదివాను. 22 ఏళ్ళుగా బట్టల కొట్టులో లెక్కలు రాస్తున్నాను. ఈ అబ్బాయి చెప్పిన కొట్టు కాదు, వేరేది. కానీ కథ ఒకటే.

చూపు పుస్తకం ఎలా ఉంటుందో చెప్తాను. పొడుగ్గా, ఎర్ర గుడ్డ అట్టతో, పైకి తిప్పే పుస్తకం. ఎడమ పక్క పేరు, ఆ కింద ఎవరి పూచీ మీద ఇచ్చామో వాళ్ళ పేరు. కుడి పక్క చీరకొక వరస, చీటీ మీది గుర్తు, ధర. ఇదంతా పెన్సిల్‌తో రాస్తాం. చీర తిరిగొస్తే ఆ వరస మీద ఒక గీత. ఉంచేసుకుంటే ఆ వరసని పెన్నుతో దిద్ది, అప్పుడు బిల్లు. పేజీలో పెన్సిల్ వరస ఒక్కటి మిగిలినా ఆ పేజీ మూల మడత విప్పం. సాయంత్రం కొట్టు కట్టేముందు మడతలు లెక్కపెడితే బయట ఎన్ని ఇళ్ళల్లో మన సరుకుందో తెలిసిపోతుంది. కంప్యూటర్‌లో ఆ మడత ఎక్కడుంది?

ఇంకో సంగతి. మా కొట్టులోనూ ఒకరు వచ్చి సాఫ్ట్‌వేర్ పెట్టారు. ఫోన్ నంబరు కొట్టకపోతే బిల్లు ముందుకి కదలదు. మూడు తరాలుగా వస్తున్న ఇంటి పెద్దావిడని "అమ్మా, మీ ఫోన్ నంబరు?" అని అడగమంటారా? ఆవిడ "నేనెవరో తెలీదేటి నీకు?" అంది. ఆ రోజు నుంచి అందరికీ మా షావుకారు గారి నంబరే కొట్టేస్తున్నాను. ఇప్పుడు మా రికార్డుల ప్రకారం మా కొట్టులో అందరికంటే ఎక్కువ చీరలు కట్టేది ఆయనే.

జీఎస్టీ కూడా చూసుకో బాబూ. నచ్చితే కొంటామని సరుకు బయటికెళ్తే దానికి డెలివరీ చలాన్ రాయాలి. కొన్నట్టు తేలిన రోజో, సరుకు వెళ్ళి 6 నెలలు నిండిన రోజో, ఏది ముందైతే ఆ రోజుకి ఇన్‌వాయిస్ పడాలి. సీజీఎస్టీ (కేంద్ర జీఎస్టీ) చట్టం 31(7)లో ఉంది. నువ్వు చూపుని అమ్మకంగా వేసి, తిరిగొచ్చినప్పుడు రిటర్న్ కొట్టించి ఉంటే ఆడిటరు నీ ప్రాణం తీస్తాడు.

ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. పని మొదలెట్టే ముందు వాళ్ళ గుమస్తా పుస్తకం చూశావా?


మహేంద్రతనయ

కోపం ఎందుకండీ, సిగ్గుగా ఉంది. చూశాను. ఫోటోలు కూడా తీశాను. ఇప్పుడు మళ్ళీ తెరిచి చూస్తే ఒక పుస్తకంలో రాత అంతా పెన్సిలే. ఆ రోజు పెన్ను అయిపోయిందేమో అనుకున్నాను.


గుమస్తా

😀 పోనీలే, ఫోటో తీశావు కదా.


ప్రాణహిత (సిరొంచ)

మహారాష్ట్ర వైపు నుంచి నాదో ముక్క. మా దగ్గర తునికాకు పని ఎక్కువ. ఎండాకాలం కల్లాల దగ్గర కట్టలు లెక్కపెడతారు. ఒక కాంట్రాక్టరుకి చిన్న యాప్ చేశాను. అందులో ఒక గడి పేరు "కట్టలు". అంతే. కట్టకి ఎన్ని ఆకులన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఆయనకి నదికి అటు తెలంగాణ వైపూ పనుంది, ఇటూ పనుంది. రెండు వైపుల లెక్కా ఒకే గడిలో పడింది. మొత్తం వేసి చూస్తే ఏ లెక్కకీ పొంతన లేదు. మా పెద్దవాళ్ళు ఊరికో కుంచం ఉండేదనేవారు, నవ్వుకునేవాణ్ణి.

అప్పటి నుంచీ ఏ పని మొదలెట్టినా మొదటి పేజీ మాటల పట్టికే. కట్ట అంటే ఏమిటి, సంచి అంటే ఏమిటి, కూలీ అంటే మనిషా, రోజు డబ్బా? తెలుగు, మరాఠీ రెండూ పక్కపక్కన రాస్తాను. మాతో పనిచేసేవాళ్ళలో మాడియా (గోండుల భాష) మాట్లాడేవాళ్ళున్నారు, వాళ్ళని కూడా అడుగుతాను. ఈ పట్టికకి ఒక పూట చాలు. అది లేక పోగొట్టుకున్నది నాకు ఒక సీజన్.


వంశధార

ప్రాణహిత గారూ, మీకు గొప్పవాళ్ళే తోడున్నారు. 1999 సెప్టెంబరులో నాసా వాళ్ళ మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుడి దగ్గరికి చేరి పోయింది. భూమి మీది ఒక సాఫ్ట్‌వేర్ థ్రస్టర్ల (దారి దిద్దే చిన్న ఇంజిన్ల) లెక్కని పౌండ్లలో ఇచ్చింది, అందుకున్న సాఫ్ట్‌వేర్ న్యూటన్లలో ఉందనుకుంది. మీ కట్టల కథే.

కానీ అక్కడ మెట్రిక్‌లోనే ఇవ్వాలని ఇంటర్‌ఫేస్ పత్రంలో (ఒక సాఫ్ట్‌వేర్ ఇంకోదానికి లెక్క ఎలా అందించాలో చెప్పే కాగితంలో) రాసే ఉంది. రిక్వైర్‌మెంట్ ఉంది, సరిగ్గానే ఉంది. వచ్చిన లెక్క దాని ప్రకారం ఉందో లేదో ఎవరూ గట్టిగా పరీక్షించలేదు, అంతే. అందుకే నాగావళి బాబు కాగితాన్ని ఎత్తిపొడిస్తే నాకు పూర్తిగా కోపం రాదు. రాసి బీరువాలో పెడితే రాయనట్టే.


రుషికుల్య (బరంపురం, ఇంటి నుంచి పని)

ఇక్కడ నేను దిగాలి, టెస్టింగ్ నా పని కాబట్టి. తొమ్మిదేళ్ళు.

తమ్ముడూ, నీకు ఏ పెద్ద టూలూ అక్కర్లేదు. ఒక ఎక్సెల్ షీట్ చాలు. ఒక్కో రిక్వైర్‌మెంట్‌కి ఒక నంబరు: ఆర్-1, ఆర్-2. పక్క గడుల్లో ఎవరు అడిగారు, ఎందుకు అడిగారు, ఎప్పుడు ఒప్పుకున్నారు, ఏ స్క్రీన్‌లో ఉంది, ఏ టెస్టుతో సరిచూశాం. దీన్నే ట్రేసబిలిటీ అని పెద్ద పేరు పెట్టి భయపెడతారు. దీనితో లాభం ఏమిటంటే, ఎవరైనా మార్పు అడిగిన రోజున ఆ వరస పట్టుకుని లాగితే ఇంకా ఏవేవి కదులుతాయో కనబడతాయి. టెస్టు లేని ఆర్ నంబరు కనబడితే అది ఇంకా గాల్లో ఉన్నట్టు. ఏ ఆర్ నంబరూ లేని స్క్రీన్ కనబడితే అది నీ సరదాకి కట్టినట్టు.

టెస్టుని రిక్వైర్‌మెంట్‌తో పాటే రాసుకో, తర్వాత కాదు. గుమస్తా గారు చెప్పినదాన్నే రాసి చూపిస్తాను.

ఆర్-14. పరిస్థితి: ఒకరి పేరు మీద 12 చీరలు చూపుకి వెళ్ళాయి. జరిగిన పని: 9 తిరిగొచ్చాయి, 2 ఉంచుకున్నారు. రావలసిన ఫలితం: 2 చీరలకి బిల్లు, 9 చీరలు తిరిగి స్టాక్‌లోకి, 1 ఇంకా చూపులోనే, ఆ పేరు సాయంత్రం చూసే జాబితాలో ఉండాలి.

ఇది షావుకారు గారికి చదివి వినిపిస్తే ఆయనకి అర్థమవుతుంది. "స్టాక్ మాడ్యూల్" అని చదివితే తలూపుతారు.

తలూపడం గురించి కూడా చెప్పాలి. కొత్తలో ఒక ఒడియా క్లయింటుతో ఫోన్లో గంటసేపు వరసగా అన్నీ చదివాను. ప్రతిదానికీ "హఁ ఆజ్ఞా, హఁ ఆజ్ఞా" (అవునండీ, అవునండీ) అన్నారాయన. అన్నిటికీ ఒప్పుకున్నారని రాసేసుకున్నాను. తర్వాత అడిగితే "వింటున్నానమ్మా అన్నాను" అన్నారు. బరంపురంలో పుట్టి పెరిగిన దాన్ని, నాకే తెలియకపోతే ఎలా? "దేఖిబా" కూడా అంతే. చూద్దాం అన్నమాట, సరే అన్నమాట కాదు. మన "చూద్దాం లెండి" మాత్రం తక్కువా?

అందుకే ఒప్పుకోలు ఆయన నోటితోనే చెప్పించు. "చీర తిరిగొస్తే ఏం జరుగుతుందో మీరే చెప్పండి" అని అడుగు. ఆయన చెప్పింది నీ కాగితంతో కలిస్తే సంతకం తీసుకో. ఆ రోజు తేదీ వేసి ఆ షీట్‌ని అలాగే దాచు, దాని మీద దిద్దకు. అది బేస్‌లైన్. తర్వాత వచ్చిన ప్రతి కోరికా కొత్త షీట్‌లో: ఏం అడిగారు, ఏ ఆర్ నంబర్లు కదులుతాయి, ఎన్ని రోజులు, ఎంత డబ్బు, ఔనా కాదా. పెద్ద కంపెనీల్లో దీనికి చేంజ్ కంట్రోల్ బోర్డు కూర్చుంటుంది. మీ బోర్డు అంటే నువ్వూ, నీ స్నేహితుడూ, షావుకారు గారూ, మధ్యలో టీ.

డబ్బు అడగడానికి మొహమాటం ఎందుకన్నావు కదా. నోటితో "ఇంకో పదివేలవుతుందండీ" అంటే అది బేరం. కాగితం మీద "నాలుగు రోజులు, రెండు స్క్రీన్లు మారతాయి" అని చూపిస్తే అది లెక్క. వ్యాపారం చేసేవాళ్ళకి లెక్క అర్థమవుతుంది.


నాగావళి

అక్కా, షీట్‌కి ఒప్పుకున్నాను. ఒక్కటి కలుపుతాను. 23నీ ఒకే బరువుతో మొయ్యకు. 1994లో ఒరాకిల్‌లో డై క్లెగ్ అనే ఆయన మాస్కో అని ఒక పద్ధతి పెట్టాడు, ఊరికీ దానికీ సంబంధం లేదు. మన భాషలో చెప్పాలంటే నాలుగు గంపలు: లేకపోతే కుదరదు, ఉండాలి, ఉంటే బాగుండు, ఈసారికి లేదు. నాలుగో గంపే అసలు గంప. అందులో వేస్తే ఎవర్నీ కాదన్నట్టు ఉండదు, నువ్వు చేయాల్సిన పనీ ఉండదు.

స్క్రీన్లు కోడు రాయకముందే కాగితం మీద గీసి చూపించు. కోడు రాసి చూపిస్తే "బాగుంది" అంటారు. పెన్సిల్ గీతలు చూపిస్తే "ఇది ఇక్కడ కాదు" అంటారు, ఎందుకంటే చెరిపేయొచ్చని వాళ్ళకి తెలుసు.


గుమస్తా

ఇది నిజం. పెన్సిల్‌కున్న గుణమే అది.


ఖాళీ టీ గ్లాసు

సరే, ఈసారి నిజంగానే అడుగుతున్నాను. ఇంత కష్టపడి ఒక కొట్టుకి చేస్తే, అదే సాఫ్ట్‌వేర్ జయపురంలో నాలుగు కొట్లకి అమ్ముకోవచ్చు కదా? పట్టుబట్టల కొట్టు ఎక్కడైనా ఒకటే.


వంశధార

ఒకటేనని అనుకోవడమే గండం. 1996 జూన్ 4న ఏరియాన్ 5 రాకెట్ మొదటిసారి ఎగిరి 40 సెకన్లలోపే పేలిపోయింది. ఏరియాన్ 4లో చక్కగా పనిచేసిన దిశ చూపే సాఫ్ట్‌వేర్‌నే అందులో పెట్టారు. కొత్త రాకెట్ అడ్డంగా పోయే వేగం ఎక్కువ. 64 బిట్ల అంకెని 16 బిట్లలో ఇరికించబోయి లెక్క పొంగిపోయింది. ఇంకా విచిత్రం, ఆ లెక్క వేసే భాగం ఏరియాన్ 5కి గాల్లోకి లేచాక అవసరమే లేదు. పాతదానికి కావలసి వచ్చింది, కొత్తదాన్లోకీ వచ్చేసింది.

అమ్ముకో, తప్పు లేదు. కానీ జయపురం కొట్టులో ప్రతి ఆర్ నంబరూ మళ్ళీ చదివి "ఇది మీకూ ఇంతేనా?" అని అడుగు. అక్కడ చూపుకి ఇవ్వరేమో. ఇచ్చినా పూచీ లెక్క వేరేమో.


మహేంద్రతనయ

మూడు వారాలైంది, క్షమించండి. జరిగింది చెప్తాను.

బరంపురం వెళ్ళి రెండు రోజులు కొట్టులో కూర్చున్నాను. ల్యాప్‌టాప్ తీయలేదు. గుమస్తా పక్కన ముక్కాలిపీట వేసుకుని ఆయన చేసేది చూస్తూ కూర్చున్నాను. మొదటి రోజు మధ్యాహ్నానికే నాలుగు సంగతులు కనబడ్డాయి, వాటిలో ఒక్కటీ మా 23లో లేదు. ఒకటి చెప్తాను. బేరం కుదిరాక షావుకారు గారు కౌంటర్ వైపు చూసి కళ్ళజోడు తీస్తే ఐదు శాతం తగ్గించమని, తీయకపోతే రాసిన ధరేనని అర్థమట. దీన్ని ఆర్ నంబరు వేసి ఎలా రాయాలో ఇంకా తెలియలేదు. ప్రస్తుతానికి "తగ్గింపు గుమస్తా వేయవచ్చు, కారణం అడగకూడదు" అని రాశాను.

23నీ షీట్‌లో పెట్టి విడదీశాం. 9 మొదటి పేజీలోని మాటలకే అసలు అర్థాలు, వాటికి డబ్బు అడగలేదు, అడగకూడదు కూడా. 8 నిజంగా కొత్తవి. 4 అల్లుడు గారివి. 2 వేరే పేర్లతో రెండుసార్లు వచ్చినవి. కొత్తవాటికి రోజులూ డబ్బూ వేసి చూపించాను, మొత్తం 26,000. షావుకారు గారు వేలు పెట్టి ఒక్కొక్కటే చదివించుకుని ఐదు ఉంచి, మూడు "ఈసారికి లేదు"లో వేయించారు. 16,000కి తేలింది. బేరం ఆడలేదు, రుషికుల్య అక్క చెప్పినట్టే.

బిల్లు సంగతి: ఆయనకి మూడు భాషలూ కావలసింది పేర్లకి కాదు, కొట్టు తలకట్టుకి. తలకట్టుని ఒకసారి బొమ్మ చేసి ప్రింటర్‌లోనే దాచి, మిగతాది ఇంగ్లీషులో పంపుతున్నాం. ఇప్పుడు 4 సెకన్లు. మూడు వారాల పని ఒక్క ప్రశ్నతో పోయింది.

పత్రం మొత్తం తెలుగులో రాశాను, 31 వాక్యాలు. గుమస్తా గారు పైకి చదివారు, షావుకారు గారు విన్నారు. ఆర్-14 దగ్గర ఆపి "తిరిగొచ్చిన చీరల వరస చెరిపేస్తారా?" అని అడిగారు. జాబితాలోంచి తీసేస్తామన్నాను. "తీయకూడదు. గీత కొట్టినా పేరు కనబడాలి. ఎవరు ఎన్నిసార్లు పట్టుకెళ్ళి ఒక్కటీ కొనకుండా తెచ్చారో నాకు తెలియొద్దా?" అన్నారు. ఆ వాక్యం మార్చాక సంతకం పెట్టారు.

అల్లుడు గారివి నాలుగూ చూసి నవ్వి, "కొట్టేయ్. ఆయనకి చెప్పకు" అన్నారు. కొట్టేశాను.


రుషికుల్య

అవి మాత్రం కొట్టేయకు. నాలుగో గంపలో పెట్టు, ఎవరు అడిగారో, ఎవరు వద్దన్నారో తేదీతో సహా రాసి. రేపు ఆ కొట్టు చూసుకునేది ఆయనే కావచ్చు.


మహేంద్రతనయ

సరే అక్కా, ఇప్పుడే మారుస్తున్నాను.


గుమస్తా

బాగా చేశావు బాబూ. ముక్కాలిపీట మంచి పని.

ఒకటి అడగనా? చూపుకి వెళ్ళిన చీరకి వాళ్ళు ఫాల్ కుట్టించేసి, తర్వాత నచ్చలేదని వెనక్కి తెస్తే మీ 31లో అది ఎక్కడ పడుతుంది? కొత్త చీరల బీరువాలో పెట్టలేం, వాళ్ళ ముఖం మీద కాదనలేం. మాకు ఏడాదికి రెండు మూడు వస్తాయి.


మహేంద్రతనయ

ఫాలా!

ఆర్-32 అని రాసుకున్నాను. పొద్దున్నే ఫోన్ చేస్తానండీ, కొట్టు తీసేలోపే.